గాలిలో నిలిచిన అయస్కాంతము

అరచేతిలో నిముడునంతటి నల్లని పెంకుబిళ్ల. దానిపై తెల్లని ఆవిరులు గ్రక్కు ద్రవమొకటి పోయుదురు. కొంతసేపటికి చిన్న అయస్కాంతమును దెచ్చి బిళ్లపై విడిచినచో, అది క్రిందపడక వ్రేలెడెత్తున గాలిలో నిలుచును. కొనగోట త్రిప్పిన గిరగిర తిరుగును గాని పడదు. నడుమ కాగితమును దూర్చి తీసినను దారము గాని తీగె గాని తగులదు. ఈ దృశ్యము నేడు చేతిఫోనులలో ఇంటింట తిరుగుచున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై యిపుడు హనుమకొండ జిల్లాలో జేరిన పరకాలవంటి పట్టణములందును దీనిని చూడని యిల్లు అరుదు. చూచినవారు చెప్పుకొను మాటలను మేము కొంతకాలముగా వినుచున్నాము. ఒకరు దైవశక్తి యందురు. ఒకరు కనికట్టు అందురు. వేరొకరు, వీరు కొంత చదువుకొన్నవారే, “ఇది మన ఋషులకు ఎన్నడో తెలిసిన విద్య, పుష్పకము ఇట్లే యెగిరెను” అని సమాధానపడుదురు. ఇది ఎట్లు జరుగును, ఎప్పటినుండి జరుగుచున్నది అని అడుగువారు తక్కువ. ఆ రెండు ప్రశ్నలలో రెండవదే మాకు ముఖ్యముగ దోచుచున్నది. ఈ వింత యెంత ప్రాచీనమో తెలిసికొనుటకు తాటాకుల కట్టలను విప్పనక్కరలేదు. మనుష్యుడు చలిని ఏ యేట ఎంతవరకు సాధించెనో తెలిసికొనిన చాలును. అందుచే ఈ వ్యాసము తేలుటను గూర్చినదయ్యు, చలిని గూర్చినది కావలసివచ్చినది.

గాలిలో వ్రేలాడు విగ్రహము కథ మాత్రము మిక్కిలి పాతది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను గ్రంథకర్త ప్లినీ, అలెగ్జాండ్రియా నగరమున ఆర్సినోయీ రాణికై తలపెట్టిన గుడిని గూర్చి వ్రాసెను. పైకప్పును సూదంటురాతితో గట్టి, ఇనుప విగ్రహమును నడుమ గాలిలో నిలుపవలెనని శిల్పి యెంచెనట. శిల్పియు రాజును మరణించుటచే ఆ పని ముగియలేదట. పదుమూడవ శతాబ్దమున కజ్వీనీ యను పారసీక రచయిత సోమనాథ విగ్రహము ఆధారము లేక గాలిలో నుండెడిదనియు, అది సూదంటురాళ్ల మహిమయనియు వ్రాసెను. అప్పటికి మహమ్మదు గజనీ ఆ దేవాలయమును గూల్చి రెండు వందల యేండ్లకు పైబడెను. మధ్యయుగమున ఐరోపావారు ఇస్లాము ప్రవక్త శవపేటికయే అయస్కాంతముల నడుమ వ్రేలాడుచున్నదని చెప్పుకొనిరి. ఆయన సమాధి మదీనాలో అందరి సమాధులవలె నేలలోనే కలదు. కడపటి రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ప్రతివారును ఎదుటివారి మందిరమును గూర్చియే ఈ మాట పుట్టించిరి. తమది మహిమ, ఎదుటివారిది సూదంటురాయి! తన యింటి వింతను గూర్చి అడుగని ప్రశ్నను మనుష్యుడు పొరుగింటి వింతను గూర్చి చక్కగా అడుగగలడు.

మన ప్రాంతమున తేలు వస్తువొకటి నిజముగనే కలదు గాని అది వేరు జాతి. పరకాలకు తూర్పున పాలంపేటలో, కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నెలకొల్పిన రామప్పగుడి విమానమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలును. 2021లో ఆ గుడికి ప్రపంచ వారసత్వ స్థానమను గౌరవము లభించిన పిమ్మట ఆ ఇటుకల కీర్తి మరింత ప్రాకినది. వానిలో నిండిన సన్నని రంధ్రములచే అవి నీటికంటె తేలికయైనవి. బెండు తేలినట్లే తేలును. శిఖరపు బరువు తగ్గించుటకు ఆ శిల్పులు చేసిన యుక్తి మెచ్చదగినది. కాని అందు నీరు మోయుచున్నది. గాలిలో నిలిచిన అయస్కాంతమును మోయునది యేది?

“అయస్కాంతమే అయస్కాంతమును నెట్టుచున్నది” అని బడిపిల్లవాడు వెంటనే చెప్పును. సజాతి ధ్రువములు వికర్షించునని వాడు చదివినాడు. ఆ మాటను ఇంటిలోనే పరీక్షింపవచ్చును. పాత రేడియో స్పీకరులనుండి తీసిన కంకణమువంటి అయస్కాంతములు రెండు దెచ్చి, ఒక పెన్సిలునకు దొడిగినచో, పై కంకణము నడుమ ఖాళీ విడిచి తేలును. ఇపుడు పెన్సిలును తీసివేయుడు. ఎంత ఒడుపుగా తీసినను పై కంకణము ప్రక్కకు జారి, బోరగిలబడి, రెండవదానికి అంటుకొనును. బోర్లించిన కుండ నెత్తిపై గోలీని నిలుపబోవుట యెట్టిదో ఇదియు నట్టిదే. నేర్పు చాలక పడుట కాదు. నిలుచు చోటే లేదు. ఈ సంగతిని 1842లో శామ్యూల్ ఎర్న్‌షా అను ఆంగ్లేయ గణితజ్ఞుడు, ఆయన మతాచార్యుడు కూడ, లెక్కకట్టి స్థాపించెను. కదలక యుండు శాశ్వతాయస్కాంతములను ఎట్లు పేర్చినను, వాని బలముననే మరియొక అయస్కాంతము గాని ఇనుపముక్క గాని గాలిలో స్థిరముగ నిలువజాలదు. గిరగిర తిరుగుచు తేలు బొంగరమొకటి ఆటవస్తువుగా అమ్ముదురు. అది కదలుచుండుటచే ఈ నిషేధమునకు లోబడదు. నిశ్చలముగ కూర్చున్న విగ్రహమునకు ఆ సౌకర్యము లేదు. కావున అలెగ్జాండ్రియా శిల్పి నూరేండ్లు బ్రదికినను ఆ గుడి పూర్తియై యుండదు. సోమనాథమును గూర్చిన కథయు, మదీనాను గూర్చిన కథయు ఇంతటితో సరి.

ఎర్న్‌షా నిషేధమున ఒక సందు కలదు. అది ఇనుమువలె ఆకర్షింపబడు వస్తువులకే గట్టిగ వర్తించును. అయస్కాంతమును జూచి ఎల్లవేళల వెనుకకు జరుగు వస్తువు లున్నచో వానికి వర్తింపదు. అట్టి వస్తువులు కలవా? 1845లో మైకేల్ ఫారడే లండనులో బలమైన విద్యుదయస్కాంతపు కొమ్ముల నడుమ ఒక గాజుముక్కను వ్రేలాడగట్టి, అది ఇనుమువలె ధ్రువములవైపు తిరుగక అడ్డముగ తిరుగుట గనిపెట్టెను. బిస్మతు లోహము మరింత వెనుకాడెను. కొయ్య, రొట్టె, మాంసము, అన్నియు అంతే. మనుష్యుని ఆ బలక్షేత్రమున వ్రేలాడదీసినచో అతడును అడ్డముగనే తిరుగునని ఫారడే వ్రాసెను. ఈ గుణమునకు డయామాగ్నెటికత్వమని పేరు. ఇది దాదాపు సర్వపదార్థములందును కలదు గాని అత్యల్పము. ఇనుమువంటి వానిలో దానిని మించిన ఆకర్షణ దానిని గప్పివేయును.

ఈ సన్నని గుణమును కొలుచు పనిలో తెలుగువాడొకడు తొలి యవ్వనముననే పేరు దెచ్చుకొనెను. ఆయన సూరి భగవంతము గారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, హైదరాబాదు నిజాము కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి చంద్రశేఖర వేంకట రామను గారికి శిష్యుడయ్యెను. మరుసటి యేట, ఇంకను ఇరువదేండ్లు నిండని ప్రాయముననే, నాఫ్తలీను స్ఫటికముల అయస్కాంత గుణమును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసమును లండను రాయల్ సొసైటీవారు ప్రకటించిరి. నాఫ్తలీను అనగా మరేమియు గాదు. పెట్టెలలో చీరల మడతల నడుమ వేయు కలరా ఉండ. ఆ ఉండలోని అణువు బల్లపరుపుగా నుండు రెండు షడ్భుజముల జంట. ఆ పరుపునకు నిలువుగా అయస్కాంతబలము తగిలినప్పుడు వికర్షణ అధికము, పరుపువెంట తగిలిన తక్కువ. అందుచే దారమున గట్టిన స్ఫటికము బలక్షేత్రమున తనకు తగినట్లు తిరిగి నిలుచును. ఆ తిరుగుడును బట్టి లోపలి అణువులు ఎట్లు పేర్పబడియున్నవో చెప్పవచ్చును. మన గృహిణులు పురుగులు పట్టకుండుటకై వాడు ఉండ, అయస్కాంతము నెదుట మెల్లగా మొగము త్రిప్పుకొనునని మొదటిసారి విన్నప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పలేము.

వికర్షణశీలమైన పదార్థము గాలిలో స్థిరముగ నిలువవచ్చునని విలియమ్ థామ్సన్, అనగా తరువాత కెల్విన్ ప్రభువని ప్రసిద్ధుడైన యాతడు, 1847లోనే చెప్పెను. 1939లో బ్రౌన్‌బెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గ్రాఫైటు, బిస్మతుల చిన్న తునుకలను నిజముగనే గాలిలో నిలిపెను. 1997లో నైమేఖెన్ నగరమున ఆంద్రే గైమ్ మొదలగువారు 16 టెస్లాల మహాబలము గల అయస్కాంతము లోపల బ్రదికియున్న కప్పను తేల్చిరి. కప్ప దేహములోని నీరే అందుకు చాలెను. ఈ పనికి గైమునకు హాస్యపు బహుమతియు, వేరొక పనికి 2010లో నిజమైన నోబెల్ బహుమతియు వచ్చినవి. కాని కప్పను తేల్చుటకు అంతటి యంత్రము కావలెను. బల్లమీది చిన్న అయస్కాంతము తేలవలెనన్న, ఇంతకు లక్షల రెట్లు గట్టిగా వికర్షించు పదార్థము కావలెను. అట్టిది ఈ భూమిమీది వాతావరణమున ఎక్కడను లేదు. చలిలో దాగియున్నది.

ఆ చలిని జేరుదారి మన గుంటూరుమీదుగా పోయినదని తెలిసినవారు కొలదిమంది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగుదేశముమీదుగా సాగెను. దానికై ఫ్రాన్సునుండి జాన్సెన్ వచ్చి గుంటూరున యంత్రములు నిలిపెను; ఆంగ్లేయులలో టెనంట్ గుంటూరునను, మద్రాసు వేధశాలాధికారి పోగ్సన్ మచిలీపట్టణమునను ఉండిరి. సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును గాజుపట్టకముతో విడదీసి చూచినప్పుడు పసుపుపచ్చని గీత యొకటి కానవచ్చెను. గ్రహణమని ఇండ్ల తలుపులు మూసి, దర్భలు వేసికొని మనవారు లోపల కూర్చున్న ఆ కొన్ని నిమిషములలో ఈ పని జరిగినది. ఆ గీత తెలిసిన ఏ మూలకమునకును జెందదని, అది సూర్యునిలోని క్రొత్త మూలకమని ఇంగ్లండున లాకియర్ తరువాత నిశ్చయించి హీలియమని పేరిడెను. 1895లో రామ్సే దానిని భూమిమీది ఖనిజమున గనుగొనెను.

హీలియము ఏల ముఖ్యము? ఫారడే కాలమున కొన్ని వాయువులను ఎంత చల్లార్చినను, ఎంత అదిమినను ద్రవములు కాకపోవుటచే వానిని శాశ్వతవాయువులనిరి. ఆ శాశ్వతత్వము కొలదికాలమే నిలిచినది. 1883లో పోలండుదేశపు క్రాకో నగరమున ఇద్దరు ఆచార్యులు ఆమ్లజనిని, నత్రజనిని ద్రవములుగ జేసిరి. 1898లో డ్యూవర్ ఉదజనిని జయించెను. మిగిలినది హీలియము. 1908 జూలై 10వ తేదీన హాలండుదేశపు లైడెన్ పట్టణమున కామర్లింగ్ ఓన్నెస్ అను ఆచార్యుడు దానిని గూడ ద్రవముగ మార్చెను. అది సున్నకు దిగువ 269 డిగ్రీల శైత్యము. ఇక్కడ మేము చదువరులను ఒక్క క్షణమాగుడని కోరుచున్నాము. భూమిమీద సహజముగ నమోదైన అతిశైత్యము, దక్షిణ ధ్రువఖండమున 1983లో కొలిచినది, సున్నకు దిగువ 89 డిగ్రీలు మాత్రమే. హిమాలయమున తపస్సు చేసినవారెవ్వరును అంతటి చలిని గూడ ఎరుగరు. 269 డిగ్రీల చలి 1908కి ముందు ఈ భూమిపై ఏ మానవుని చేతికిని రాలేదు.

మూడేండ్లకు, 1911 ఏప్రిలులో, ఓన్నెస్ ప్రయోగశాలలో పాదరసమును ఆ చలిలో నుంచి దానిగుండ విద్యుత్తును బంపి చూచిరి. తీగెలలో విద్యుత్తు పోవునప్పుడు ఎంతోకొంత నిరోధముండును. బల్బు వేడెక్కుట అందుచేతనే. ఆ పాదరసమున నిరోధము తగ్గుటగాదు, ఒక్కుమ్మడి మాయమయ్యెను. ఒకసారి పుట్టిన ప్రవాహము అట్టి చక్రమున నెట్టువాడు లేకయే తిరుగుచుండును. ఇట్టి పదార్థమునకు అతివాహకమని పేరు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి (1906) శాస్త్రమును తెలుగున జెప్పుట మొదలుపెట్టిన అయిదేండ్లకు జరిగిన సంగతి యిది. హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయము వెలసి (1904) అప్పటికి ఏడేండ్లు.

నిరోధము లేకుండుట వేరు, తేల్చుట వేరు. ఈ రెంటికి వంతెన 1933లో బెర్లినులో పడెను. మైస్నర్, ఓఖ్సెన్‌ఫెల్డ్ అనువారు లోహమును ముందుగా అయస్కాంతక్షేత్రమున నుంచి, తరువాత చల్లార్చిరి. నిరోధము లేనిది మాత్రమే యైనచో, లోపలనున్న బలరేఖలు లోపలనే నిలిచిపోవలెను. కాని అతివాహకమైన తత్‌క్షణమే ఆ లోహము బలరేఖలను వెలుపలికి ద్రోసెను. ఉపరితలమున తనంతట తాను ప్రవాహములు పుట్టించుకొని, ఆ ప్రవాహముల అయస్కాంతబలముచే వచ్చినదానిని సరిగ సున్నజేసెను. నిరోధము లేనందున ఆ ప్రవాహములు ఆగవు. సంపూర్ణ వికర్షణమనగా నిది. మన భాషలో జెప్పవలెనన్న, సీసమువంటి లోహము ఆ చలిలో మడి గట్టుకొనును. ఒక్క బలరేఖను గూడ తన్నంటనీయదు. ఇదివరకే అంటియున్నదానిని గూడ విదిలించుకొనును.

ఆ మడియే తేలుటకు మొదటి సాధనమయ్యెను. మాస్కోలో అర్కాదియెవ్ అను శాస్త్రజ్ఞుడు సీసపు గిన్నెను ద్రవహీలియముచే చల్లార్చి దానిపై చిన్న అయస్కాంతమును విడిచెను. అది గాలిలో నిలిచెను. గిన్నె పుటాకారముగ నుండుట అవసరము. సమతలమైన సీసము క్రిందినుండి నెట్టుటయే గాని ప్రక్కకు జారకుండ బట్టుకొనజాలదు. ఈ వార్త 1947 సెప్టెంబరున లండను “నేచర్” పత్రికలో వెలువడెను. ఆ నెల 2వ తేదీననే పరకాలలో జాతీయపతాకము నెత్తబోయిన జనముపై నిజాము పోలీసులును రజాకారులును కాల్పులు జరిపిరి. 22 మంది మరణించిరి. ఈ రెండు తేదీలకు మేము చుట్టరికము కలుపుట లేదు. పరకాలవాసి 1947 సెప్టెంబరు అని చదివినప్పుడు వాని మనసున మొదట ఏమి మెదలునో మాకు తెలియును గనుక చెప్పితిమి. సీసపు గిన్నెపై అయస్కాంతము తేలినదన్న మాట ఆ వీధులకు చేరుటకు తగిన బడి గాని పత్రిక గాని ఆనాడెక్కడ?

ఇక నేటి చిత్రములలోని నల్లబిళ్ల. అది సమతలముగ నున్నది గదా, అయస్కాంతము ప్రక్కకు జారదేల? తలక్రిందులు జేసినను అయస్కాంతము బిళ్లకు దిగువ గాలిలో వ్రేలాడునేల? నెట్టుట మాత్రమే యెరిగినది పట్టుకొనుట యెట్లు? “అతివాహకము బలరేఖలను బహిష్కరించును, కనుక తేలును” అని పుస్తకములు చెప్పు వాక్యము ఇక్కడ చాలదు. ఆ వాక్యము సగము మాత్రమే నిజమని మా యభిప్రాయము.

మిశ్రలోహములైన అతివాహకములు మడిని అంత కఠినముగ పాటింపవని ఖార్కోవ్ నగరమున షుబ్నికోవ్ 1930 తరువాతి యేండ్లలో కనుగొనెను. అతనిని 1937లో స్టాలిను ప్రభుత్వము కాల్చి చంపెను. అతడు చూచినదానికి అర్థమును 1957లో అబ్రికోసోవ్ చెప్పెను. నోబెల్ బహుమతి ఆయనకు 2003లో వచ్చినది. ఆ మాట యిది. ఈ రెండవ జాతి అతివాహకములు కొంత హద్దు దాటిన అయస్కాంతబలమును లోనికి రానిచ్చును. కాని ఇష్టము వచ్చినట్లు గాదు. సన్నని దారములవంటి గొట్టములుగా మాత్రమే. ప్రతి గొట్టమునందును బలము ఒకే కొలత. అందు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఒక్కొక్క గొట్టము చుట్టును ప్రవాహము సుడివలె తిరుగుచుండును. పదార్థము నిర్దోషమైనచో ఈ సుడులు అటునిటు స్వేచ్ఛగా జారును. లోపల నలుసులు, పగుళ్లు, పరజాతి రేణువులు ఉన్నచో సుడులు వానికి దగుల్కొని కదలవు. కంకర కలిసిన మట్టిలో గ్రుచ్చిన చీపురుపుల్లలవంటివన్నమాట. ఇపుడు అయస్కాంతమును ప్రక్కకు జరుపవలెనన్న, ఆ పుల్లలన్నిటిని పెరుకవలెను. అందుచే అది నిలిచినచోట నిలుచును. పైకెత్తబోయిన క్రిందికి లాగును, అదిమిన పైకి నెట్టును. బిళ్లకు పైన చిన్న కొయ్యముక్క నుంచి దానిపై అయస్కాంతము నిలిపి, ఆ పిమ్మట చల్లార్చి, కొయ్యను లాగివేసినచో, అయస్కాంతము ఆ యెత్తుననే ఉండిపోవును. ఆ దూరము బిళ్లకు గుర్తుండినట్లుండును.

మడి గట్టిన సీసము నెట్టగలదే గాని పట్టజాలదు. పట్టుకొనుటకు కొంత మైల అవసరమైనది! మా పత్రిక చదువు అమ్మలలో మడిపట్టింపు గలవారు ఈ వాక్యమునకు కోపింపరని నమ్మెదము.

ఈ రెండవ జాతి యున్నను, హీలియపు చలి కావలసియున్నంతకాలము ఇది కొలది ప్రయోగశాలల సొత్తుగనే యుండెను. 1986లో స్విట్జర్లండున బెడ్‌నోర్జ్, ముల్లర్ అనువారు లోహములను విడిచి, విద్యుత్తునకు పనికిరాదని యెంచబడిన పింగాణిజాతి పదార్థమున అతివాహకతను గనిరి. 1987 ఆరంభమున అమెరికాలో పాల్ చూ, మావ్‌క్వెన్ వూ మొదలగువారు ఇట్రియము, బేరియము, రాగి, ఆమ్లజనుల కూటమి సున్నకు దిగువ 181 డిగ్రీల చెంతనే అతివాహకమగునని చూపిరి. ద్రవనత్రజని 196 డిగ్రీల దిగువ మరుగును. కాబట్టి అది చాలును. హీలియమునకు బదులు నత్రజని! గాలిలో అయిదింట నాలుగు పాళ్లున్న వాయువు. ఈ చలి నేడు తెలుగు పల్లెలకు గూడ వచ్చినది. పశువుల ఆసుపత్రిలో కృత్రిమ గర్భధారణకై మేలుజాతి ఎద్దుల వీర్యమును నిలువయుంచు మూతిసన్నని పెద్ద డబ్బాను పాడిరైతు లందరు నెరుగుదురు, అందుండునది ద్రవనత్రజనియే. లైడెనులో ఓన్నెస్ జీవితకాలమును ధారపోసి పోయినదారిలో సగము దూరము మన బర్రెల కొట్టము దాక వచ్చియున్నదన్నమాట.

నల్లబిళ్లను జేయుట మాత్రము సులభము గాదు. పొడులను నూరి, కలిపి, కాల్చిన బిళ్ల తయారగును గాని, అది ఇసుకరేణువులవంటి పలుకుల కుప్ప. పలుకునుండి పలుకునకు ప్రవాహము సాగదు, బరువు మోయదు. పలుకులన్నియు నొకే దిక్కున నొక్క స్ఫటికమువలె పెరుగవలెను. అందులోనే సుడులను పట్టుకొను సన్నని రేణువులును చెదరియుండవలెను. ఈ పనిలో హైదరాబాదు పేరు చెప్పదగినది. 1963లో అచట స్థాపితమైన రక్షణ లోహశోధనాలయమున టి. రాజశేఖరన్ గారును, 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమున వి. శేషుబాయి గారును తమ సహచరులతో గూడి ఏండ్ల తరబడి కృషిచేసిరి. వారు పొడినంతను కరగించు పద్ధతిని విడిచి, నింపుడు పద్ధతిని చేపట్టిరి. ముందు ఆకుపచ్చని పొడి యొకటి. అదియు ఇట్రియము, బేరియము, రాగి గలదే, కాని పాళ్లు వేరు, అతివాహకము గాదు. దానిని అచ్చులో నదిమి, కావలసిన ఆకారముగ జేయుదురు. పిమ్మట కొలిమి వేడిమిలో, బేరియము రాగి గల ద్రవము ఆ ముద్దలోనికి పాకమువలె ఇంకును. మెల్లమెల్లగా చల్లార్చిన, ఆకుపచ్చనిది ద్రవముతో గూడి నల్లని అతివాహకముగ పెరుగును. కొంత ఆకుపచ్చ రేణువు మాత్రము మారక లోపల మిగిలిపోవును. ఆ మిగిలినదే సుడులకు కొక్కెము. మొదటి ముద్దను ఎట్లు అదిమి, ఎట్లు సిద్ధపరచిన రేణువులు సన్ననై చక్కగ చెదరునో వారు శ్రద్ధతో శోధించి, అట్లు చేసిన పదార్థము బలమైన అయస్కాంతక్షేత్రమునందును అధికప్రవాహమును నిలుపుకొనుటను 2010లో ప్రకటించిరి. ఈ పద్ధతిలో ముద్ద కుంచించుకొనుట తక్కువ. అచ్చున బోసిన ఆకారమే తుదకు దక్కును. లోహశోధనాలయము స్థాపితమైన నాటికి దేశరక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా నుండినవారు, కలకత్తాలో కలరా ఉండను దారమున వ్రేలాడగట్టిన ఆ భగవంతము గారే.

ఇంత జరిగినను, పాదరసముతో మన పూర్వులు విమానములు నడిపిరనియు, పాదరసము అతివాహకమే గదా యనియు వాదించువారు కలరు. వారు చూపు “వైమానికశాస్త్రము”ను బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలోని ఆచార్యులు 1974లో పరిశీలించి, అది 1904కి ముందుది కాజాలదనియు, అందలి విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. మా వాదము ఇంకను చిన్నది. పాదరసము అతివాహకమగుటకు 269 డిగ్రీల చలి కావలెను. ఆ చలికి తేది కలదు. పూర్వులకు ఘనతను గూర్చువారు రామప్ప ఇటుకను చూపుదురుగాక. అది వారు నిజముగ జేసినది.

కొత్తవారి మాటను గూడ ఇట్లే తూచవలెను. 2023 జూలైలో దక్షిణకొరియావారు కొందరు, సీసము రాగి గల రాయి యొకటి గది వేడిమిలోనే అతివాహకమని ప్రకటించి, అయస్కాంతముపై ఒక కొస ఆనించి మరియొక కొస లేచియున్న తునుక చిత్రమును జూపిరి. లోకమంతయు ఊగిపోయెను. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలతో గూడ పలుచోట్ల అదే రాతిని జేసి చూచిరి, అతివాహకత లేదు. లేచిన కొస సామాన్య అయస్కాంత గుణములచే లేచినదే. నిరోధము పడిపోయినట్లు కనబడుట అందు కలిసిన రాగి గంధకిదము చేసిన మాయ. కొన్ని వారములలో సంగతి తేలిపోయినది. తేలినదెల్ల అతివాహకము గాదని ఫారడే గాజుముక్కయు, గైము కప్పయు ముందే చెప్పియున్నవి.

రైళ్ల మాట అందరును అడుగుదురు గనుక రెండు వాక్యములు. షాంఘైలో 2004 మొదలు నడచు తేలుబండి సామాన్య విద్యుదయస్కాంతములచే నడచును. జపానులో 2015 ఏప్రిలు 21న గంటకు 603 కిలోమీటర్ల వేగము నందుకొన్న బండికి మాత్రము అతివాహకపు తీగెచుట్లు కలవు. ఆ బండి వేగముచే ప్రక్కగోడలలోని చుట్లయందు పుట్టు ప్రవాహములే దానిని మోయును. నల్లబిళ్ల పట్టు అందు లేదు.

నల్లబిళ్లయు, చిన్న అయస్కాంతమును, కొంచెము ద్రవనత్రజనియు ఉన్నచో ఈ ప్రయోగమును ఏ ఉన్నతపాఠశాలలోనైనను ఉపాధ్యాయుని యెదుట చేయవచ్చును. గది కిటికీలు తెరచియుండవలెను, ఏలన మరిగిన నత్రజని ప్రాణవాయువును త్రోసివేయును. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు కావలెను. ద్రవమును బిగుతుమూత గల సీసాలో నెన్నడును పోయరాదు, పగులును. పోసినది కొన్ని నిమిషములలో ఆవిరియైపోవును. బిళ్ల వేడెక్కుచు 181 డిగ్రీల దిగువను దాటి పైకి రాగానే సుడులు మాయమగును, అయస్కాంతము దిగివచ్చి బిళ్లపై కూర్చుండును. అప్పుడు బిళ్లపై గాలిలోని తేమ మంచుగ పేరుకొనును. ఆ తడి ఈ పదార్థమునకు శత్రువు. వెంటనే తుడిచి, ఎండబెట్టి, తేమ పీల్చు గుళికలతో గూడ మూతగల డబ్బాలో దాచినచో మరుసటి తరగతి పిల్లలకు గూడ పనికివచ్చును.